సాయంత్రం గడి

3, సోమవారం

మధ్యాహ్నం రెండింటికి వచ్చాం. అయిదో అంతస్తు, 504. ఒక పడక గది, ఒక హాలు. హాల్లోనే గోడవారగా వంటకి చిన్న గట్టు. సోఫా లాగితే మంచం అవుతుంది. అది నాది.

గదిలో ఉన్న వస్తువుల జాబితా బీరువా తలుపు లోపల అతికించి ఉంది. అన్నీ సరిచూసి సంతకం పెట్టమన్నారు. చెంచాలు ఆరు అని ఉంది. అయిదే ఉన్నాయి. ఆరు కొట్టేసి అయిదు వేసి సంతకం పెట్టాను.

బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. అన్నయ్య చక్రాల కుర్చీని అటు తిప్పి ఉంచాను.

నేను పనిచేసే స్టోర్సులో వాడే పొడుగు పుస్తకం ఒకటి వెంట తెచ్చాను. ఇక్కడ ముప్ఫై రోజులు. ఏ రోజుది ఆ రోజే రాయాలి.

4, మంగళవారం

ఆసుపత్రి వెనక వీధిలోనే. పొద్దున తొమ్మిదికి నడక, పదకొండుకి మాటలు. అన్నయ్యకి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే రోజు పోయాయి. రెండు నెలలైంది. ఎడం చెయ్యి బాగానే ఉంది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తిరిగి చెప్పడానికి "ఆఁ" ఒక్కటే ఉంది.

నడక: పదకొండు అడుగులు, కమ్మీ పట్టుకుని.

చేతికి మెత్తటి బంతి ఇచ్చారు. ముప్ఫైసార్లు నొక్కాలి, రోజుకి మూడు విడతలు. దానికో కాగితం. రోజుకి మూడు గళ్లు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. అయ్యాక టిక్కు పెట్టాలి. గోడకి అతికించాను.

లిఫ్టు అయిదో అంతస్తులో నేలకి సమంగా ఆగడం లేదు. రెండు వేళ్లు కిందికి ఆగింది. కుర్చీ చక్రం తగిలి అన్నయ్య ముందుకి తూలాడు. పట్టుకున్నాను.

అది నా పని కాదు.

5, బుధవారం

నడక పదమూడు. బంతి మూడు విడతలు. లిఫ్టు రెండు వేళ్లు.

6, గురువారం

గది శుభ్రం చేసే ఆవిడ రోజు విడిచి రోజు వచ్చి తువ్వాళ్లు మారుస్తుంది. తువ్వాళ్లావిడ అంటున్నాను మనసులో. ఇవాళ నేల తుడుస్తూ అడిగింది.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"అన్నదమ్ములం."

"ఆయనకంటే మాట రాదు. మీకేమైంది? రెండు రోజులకోసారి వస్తున్నానా, ఒక్క మాట వినపడదు. టీవీ అయినా పెట్టండి, గోడలకి తోచొద్దూ."

అన్నయ్య నవ్వాడు. మూతి ఒక పక్కకే వెళ్లింది.

ఆవిడ చెప్పింది నిజమే. అన్నయ్యని తొమ్మిదేళ్ల తర్వాత చూశాను. వదిన ఫోన్ చేస్తే వచ్చాను. "నీకు పెళ్లాం పిల్లలు లేరు. స్టోర్సు వాళ్లు సెలవిస్తారు. నేను కుట్టు షాపు మూసుకుని నెల రోజులు కూర్చోలేను. తొమ్మిదేళ్లు మా గుమ్మం తొక్కలేదు, ఈ ఒక్క నెలైనా ఆయన్ని చూడు" అంది. ఈ గదిని అన్నయ్య కూతురు ఫోన్లో మాట్లాడి తీసుకుంది. వదిన ఆదివారాలు వస్తుంది.

7, శుక్రవారం

బీచికి తీసుకెళ్లాను. ఇసకలో కుర్చీ కదలదు. సిమెంటు బాట ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా వెళ్లి ఆగాం. అరగంట కూర్చున్నాం. తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర కాళ్లు కడుక్కోవాలని బోర్డు ఉంది. నా కాళ్లు, కుర్చీ చక్రాలు కడిగాను. అన్నయ్య కాళ్లకి ఇసక అంటలేదు. అయినా కాళ్లు చాపాడు. కడిగాను.

8, శనివారం

నడక పదహారు. బంతి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అయ్యాయి.

ఇది మధ్యాహ్నం భోజనం ముందు రాస్తున్నాను.

9, ఆదివారం

వదిన పదకొండుకి వచ్చింది. సంచి నిండా చొక్కాలు. అన్నయ్య పాత చొక్కాలకి గుండీలు తీసేసి, లాగితే ఊడి వచ్చి, నొక్కితే అతుక్కునే పట్టీలు కుట్టింది. ఒంటి చేత్తో వేసుకోవచ్చు. గుండీలు మాత్రం పైన అలాగే కుట్టి ఉంచింది, చూసేవాళ్లకి తెలియకుండా.

"ఈ పని చేసింది ప్రేమతో అనుకోకండి. మీకు గుండీలు పెట్టడానికి ఇక ఒక మనిషిని పెట్టలేం" అని అన్నయ్యతో అంది.

తర్వాత గోడ మీది కాగితం చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవాళ ఆదివారమే కదా?"

"అవును వదినా."

"టైమెంత?"

"పన్నెండున్నర."

"సాయంత్రం గడిలో టిక్కు ఎలా పడింది?"

పొద్దున పెన్ను చేతిలో ఉండగా మూడూ పెట్టేశాను. నిన్నా అంతే.

"ఇద్దరూ ఒక గూటి పక్షులే" అంది వదిన. గొంతు పెంచలేదు. అన్నం వడ్డిస్తూ అంది. "ఈయనా ఇంతేగా. పైకెక్కి చూడకుండానే చూశానని రాశాడు. ఒక మనిషికి కాలు పోయింది. ఈయన పదకొండు నెలలు లోపలున్నాడు. షాపు పోయింది, లైసెన్సు పోయింది. అదే బుద్ధి నీకూ వచ్చింది. ఎక్కడికి పోతుంది, ఒకే తల్లి పాలు."

అన్నయ్య ముద్ద నములుతున్నాడు. నా వైపు చూడలేదు.

వదిన అయిదింటి బస్సుకి వెళ్లింది. సాయంత్రం బంతి ముప్ఫైసార్లు నొక్కించాను. టిక్కు పెట్టడానికి గడి లేదు.

10, సోమవారం

రాయడానికి ఏమీ లేదు.

11, మంగళవారం

నడక ఇరవై. లిఫ్టు మూడు వేళ్లు.

నిన్న రాయాల్సింది ఉంది. రాయలేదు. ఇవాళ రాస్తాను, ఇవాళ తేదీ కిందే.

మేమిద్దరం లిఫ్టులు చూసేవాళ్లం. అన్నయ్య కాలేజీలో నేర్చుకున్నాడు. నేను ఏడో తరగతితో ఆపేసి, అన్నయ్య పక్కన నిలబడి, పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. లైసెన్సు అన్నయ్య పేరు మీద. ప్రతి బిల్డింగులో పైన, యంత్రం ఉన్న గదిలో, ఒక కార్డు వేలాడుతుంది. నెలకోసారి ఎక్కి, చూసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఎవరు వెళ్లినా సంతకం అన్నయ్య పేరే.

ఇద్దరం కలిసి వెళ్తే అన్నయ్య కింద నిలబడి ఒక్కొక్కటే అరిచేవాడు. నేను పైనించి జవాబు చెప్పేవాణ్ని. "తలుపులు." "చూశా." "తాళ్లు." "చూశా." "బ్రేకు." "చూశా." "స్విచ్చులు." "చూశా." "గొయ్యి." గొయ్యి అన్నయ్యదే, అది లిఫ్టు కింద అట్టడుగున ఉంటుంది. చూశా అనేదాకా రెండోది అడిగేవాడు కాదు. ఒకసారి నేను బ్రేకు విప్పి ఉండగా నలభై నిమిషాలు కింద అలాగే నిలబడ్డాడు.

విడివిడిగా వెళ్లిన రోజుల్లో సాయంత్రం ఫోన్ చేసి అవే అడిగేవాడు.

ఆ బట్టల షాపుకి నేను వెళ్లాలి. ఏడంతస్తులు, ఆ పైన ఇనప నిచ్చెన. ముందోసారి వెళ్లినప్పుడు మూడు నెలల తేదీలూ ఒకేసారి వేసి వచ్చాను. రెండో నెల, ఎదురుగా టీ కొట్లో కూర్చుని ఫోనెత్తాను. అన్నయ్య బ్రేకు అన్నాడు. చూశా అన్నాను.

మూడు రోజుల తర్వాత సామాన్లు దించుతుండగా బ్రేకు పట్టుకోలేదు. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కిందికి జారింది. మోస్తున్న మనిషి ఒక కాలు లోపల ఉంది, ఒక కాలు బయట ఉంది.

ఎందుకు ఎక్కలేదని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి కారణం లేదు. ఎండగా ఉంది.

కార్డు రాసింది తనేనని అన్నయ్య పోలీసులకి చెప్పాడు. స్టేషను వరండాలో నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి, "నువ్వు మాట్లాడకు. ఇద్దరం పోవడం ఎందుకు" అన్నాడు.

మాట్లాడవద్దన్నాడు. నేను మాట్లాడలేదు. అన్నయ్య చెప్పినట్టే చేశాను.

12, బుధవారం

పై వాక్యం ఇవాళ మళ్లీ చదివాను. అలాగే ఉంచుతున్నాను.

మాటలు నేర్పే టీచరమ్మ అడిగింది. "రోజూ వల్లించినవి కొన్ని లోపల చెదరకుండా ఉంటాయండీ. ఒకటి, రెండు, మూడు లాంటివి. వారాల పేర్లు. ఈయన ఉద్యోగంలో అలా రోజూ అనేదేమైనా ఉందా?"

"లేదు" అన్నాను.

అన్నయ్య నన్ను చూశాడు.

13, గురువారం

టీచరమ్మ ఒకటి అని ఆగింది, రెండు అంటాడని. అన్నయ్య అనలేదు. ఆదివారం అని ఆగింది. అనలేదు. బల్ల మీద ఎడం చెయ్యి ఆనించి, నా వైపు తిరిగి, చాలా కష్టం మీద, "త... తలుపులు" అన్నాడు.

రెండు నెలల పదకొండు రోజుల తర్వాత మొదటి మాట. టీచరమ్మ కుర్చీలోంచి లేచింది.

"తలుపులు ఏంటండీ? మూయాలా?"

"చూశా" అన్నాను నేను.

"తాళ్లు."

"చూశా."

"బ్రేకు."

గది చల్లగా ఉంది. గోడ మీద పళ్ల బొమ్మలున్నాయి. అన్నయ్య ఆగాడు. టీచరమ్మ నా భుజం తట్టింది. "చెప్పండి, మీరు ఏదో అంటేనే ఆయన ముందుకెళ్తారు. అనండి."

నేను పళ్ల బొమ్మలు చూస్తూ ఉండిపోయాను.

"బ్రేకు" అన్నాడు అన్నయ్య మళ్లీ. కోపం లేదు. కింద నిలబడి అడిగినట్టే అడిగాడు. మళ్లీ అడిగాడు. ఏడుసార్లు అడిగాడు. టైము అయిపోయింది.

టీచరమ్మ చాలా సంతోషంగా ఉంది. ఇంట్లో రోజూ చేయించమంది. కాగితం మీద ఇంకో వరస గీసి ఇచ్చింది.

14, శుక్రవారం

పొద్దున అన్నయ్య తలుపులు, తాళ్లు అన్నాడు. జవాబు చెప్పాను. బ్రేకు అన్నాడు. నేను పాలు పొంగుతున్నాయని లేచాను. పాలు పొయ్యి మీద లేవు.

సాయంత్రం మళ్లీ. ఈసారి చెప్పాను.

"చూడలేదు, అన్నయ్యా."

కళ్లార్పకుండా చూశాడు. ఎడం చెయ్యి నా మోకాలి మీద వేశాడు. తర్వాతది అడుగుతాడనుకున్నాను.

"బ్రేకు" అన్నాడు.

చూడలేదంటే పద్ధతి అదే. ఎక్కి చూసి రావాలి. అప్పటిదాకా కింద ఉన్న మనిషి కదలడు.

లిఫ్టు నాలుగు వేళ్లు.

15, శనివారం

ఆసుపత్రి నించి వచ్చి అన్నయ్యని గదిలో దించి మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"లిఫ్టు బ్రేకు అరిగింది. ఆపించాలి."

"కాస్త అటూ ఇటూ ఆగుతుంది లెండి. మనుషులం, మనమే ఆగాల్సిన చోట ఆగం" అని నవ్వాడు. మంచివాడే. "నెలనెలా మనిషి వచ్చి చూస్తాడు. పైన కార్డుంది."

"కార్డు చూద్దాం."

ఆరో అంతస్తు దాటి మిద్దె మీదికి మెట్లు, అక్కణ్ణించి ఇనప తలుపు. ఉప్పు గాలికి గొళ్లెం తుప్పు పట్టి ఉంది. తోస్తే రాలేదు. భుజంతో తోశాను. తొమ్మిదేళ్ల తర్వాత గ్రీజు వాసన. నాకేమీ అనిపించలేదు. అనిపిస్తుందనుకున్నాను.

కార్డు మేకుకి వేలాడుతోంది. తేదీలన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు.

"చూశారా, మొన్న ఒకటో తేదీన చూశాడు" అన్నాడు మేనేజరు.

"వచ్చే నెల ఒకటిన కూడా చూశాడు. కింది వరస చదవండి."

చదివాడు. ఇంకోసారి చదివాడు. నవ్వు పోయింది.

బ్రేకులో చక్రాన్ని పట్టి ఆపే రెండు ఇనప చెక్కల మీద పట్టీ ఉండాలి. ఒక దాని మీద గోరంత ఉంది. రెండో దాని మీద లేదు. ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. ఆ కుర్చీని పన్నెండు రోజులు, రోజుకి నాలుగుసార్లు అందులో నెట్టాను. వేళ్లతో కొలిచి పుస్తకంలో రాశాను.

మెయిను స్విచ్చు కిందికి లాగాను.

"అయ్యో, ఏం చేస్తున్నారు, ఇవాళ శనివారం, గదులన్నీ నిండి ఉన్నాయి. అసలెవరండీ మీరు?"

"లిఫ్టు మెకానిక్కుని."

"లైసెన్సుందా?"

"లేదు."

నా మొహం చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. స్విచ్చు పైకి లేపలేదు. వాళ్ల మనిషికి ఫోన్ చేశాడు. సోమవారం వస్తానన్నాడట.

సోమవారం పొద్దున నడక తప్పుతుంది. అన్నయ్య అయిదో అంతస్తులో ఉండిపోయాడు.

16, ఆదివారం

వదిన మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుంది.

"లిఫ్టులకీ మీ వంశానికీ ఏదో పాత పగ ఉన్నట్టుంది. మీరెక్కడుంటే అక్కడ ఆగిపోతాయి."

"నేనే ఆపాను."

"బ్రహ్మాండం" అంది. సంచిలోంచి ఇంకో రెండు చొక్కాలు తీసి మడత విప్పుతోంది.

ఎప్పుడు చెప్పాలో అనుకోలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"ఆ బట్టల షాపు కార్డు నేను రాశాను వదినా."

"ఏ కార్డు?"

"ఆ కార్డే. మూడు నెలలవీ ఒకేసారి రాశాను. పైకెక్కలేదు. అన్నయ్య ఫోన్లో అడిగితే చూశానని చెప్పాను."

అన్నయ్య ఎడం చెయ్యెత్తాడు. అప్పుడు వరండాలో ఎత్తినట్టే. ఈసారి నేను ఆగలేదు.

"సంతకం ఆయనది కదా" అంది వదిన.

"పేరు ఆయనది. పెట్టింది నేను."

వదిన చొక్కా పట్టీ లాగింది. చప్పుడుతో ఊడింది. నొక్కింది. లాగింది. నొక్కింది.

"తొమ్మిదేళ్లు" అంది. "తలుపు గొళ్లెం పెట్టారా అంటే పెట్టానంటాడు. పెట్టకుండా పెట్టానని చెప్పే మనిషి మీరు అంటాను. గ్యాసు కట్టేశారా అంటే కట్టేశానంటాడు. అదే మాట. పిల్ల ముందు, వచ్చిన వాళ్ల ముందు. ఒక్కసారంటే ఒక్కసారి ఎదురు చెప్పలేదు. తప్పు చేశాడు కాబట్టి పడుతున్నాడనుకున్నాను."

అన్నయ్య వైపు తిరిగింది.

"మీకు మీ తమ్ముడు కావాలి. పడ్డానికి మీరున్నారు. అనడానికి నేను దొరికాను. నా నోరు ఎందుకు పాడు చేశారు? భలే పంచారు పనులు."

"ఆఁ" అన్నాడు అన్నయ్య. కళ్లలోంచి నీళ్లు కారాయి. కుడి వైపువి తుడుచుకోవడం ఆయనకి తెలియలేదు.

వదిన బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసుకుంది. అద్దంలోంచి వీపు కనిపించింది. కింద బీచిలో పిల్లలెవరో గాలిపటం ఎగరేస్తున్నారు. అది ఎగరడం లేదు. నేను అన్నం, పప్పు వేడి చేశాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

చాలాసేపటికి లోపలికి వచ్చి అన్నయ్య మొహం తుడిచి, తినిపించి, మందులిచ్చింది. అప్పుడు నాతో మాట్లాడింది, నా వైపు చూడకుండా.

"నేనిక్కడ ఉండిపోతాను. షాపు మూస్తే కొంపలేం మునగవు. రేపు లిఫ్టు బాగయ్యాక నువ్వు వెళ్లు."

"సరే."

"అమ్మాయికి నువ్వే చెప్పు, నీ నోటితో. నేను చెప్పను."

"చెప్తాను."

"కాలు పోయిన మనిషి ఇల్లు ఇప్పటికీ అక్కడే. ఈయన నెలకోసారి వెళ్లి కూర్చుని వచ్చేవాడు. రెండు నెలలుగా ఎవరూ వెళ్లలేదు."

నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఇల్లెక్కడో అడిగాను. వదిన చెప్పింది. ఈ పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.

వదిన పడక గదిలో, నేను సోఫా మీద. మనసు తేలికవుతుందని అంటారు. కాలేదు. బరువుగానూ లేదు.

17, సోమవారం

మెకానిక్కు తొమ్మిదికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, భారీ మనిషి. మెట్లెక్కి పైకి చేరేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఆపింది నువ్వేనా?"

"నేనే."

"ఈ ఒక్క నెలే ఎక్కలేదన్నా. మోకాళ్లు."

పాత చెక్కలు అతను విప్పాడు, నేను తీసి అతని చేతిలో పెట్టాను. అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మోకాళ్ల మాట ఎత్తలేదు. కొత్త పట్టీ వేసి, బిగించి, ఖాళీగా ఆరుసార్లు, ఇసక బస్తాలు పెట్టి ఆరుసార్లు నడిపాం. చివరిదాకా అక్కడే నిలబడ్డాను. కార్డులో వచ్చే నెల వరస కొట్టేయించాను. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది.

అయిదో అంతస్తులో లిఫ్టు నేలకి సమంగా ఆగింది. వేలు పెట్టి చూశాను. వేలు దూరలేదు.

గదిలోకి వచ్చేసరికి అన్నయ్య గుమ్మం ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. కొత్త చొక్కా. నా చేతుల గ్రీజు చూశాడు. నేను కడుక్కోకముందే మొదలుపెట్టాడు.

"తలుపులు."

"చూశా."

"తాళ్లు."

"చూశా."

"బ్రేకు."

"చూశా, అన్నయ్యా."

ఆగాడు. వదిన వంట గట్టు దగ్గర కత్తి ఆపింది. అన్నయ్య నన్ను చాలాసేపు చూశాడు. నిజం చెప్తున్నానో లేదో చూస్తున్నాడని తెలుసు. నాలుగు రోజులు అదే చోట నిలబడ్డాడు. అంతకు ముందు తొమ్మిదేళ్లు.

"స్వి... స్విచ్చులు" అన్నాడు.

"చూశా."

"గొయ్యి" అని, దానికి తనే "ఆఁ" అన్నాడు.

వదిన మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

గదిలో వస్తువులు వదినకి అప్పగించాను. చెంచాలు అయిదు. కాగితంలో పొద్దున గడికి వదిన టిక్కు పెట్టింది. మధ్యాహ్నం బంతి నేను నొక్కించాను, ముప్ఫై, లెక్కపెట్టి. టిక్కు పెట్టాను.

నా బస్సు మూడింటికి. సాయంత్రం గడి ఖాళీగా ఉంది. ఇంకా సాయంత్రం కాలేదు.